లెక్క తప్పని కూడలి

ప్రోటాన్‌ను తూచిన చోట ఒక వింత లెక్క తేలుతుంది. అందులో రెండు అప్ క్వార్కులు, ఒక డౌన్ క్వార్కు ఉంటాయని బడిలో చదువుకున్నదే. ఆ మూడింటి సొంత ద్రవ్యరాశి కలిపినా దాదాపు 9 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు దాటదు. ప్రోటాన్ ద్రవ్యరాశి మాత్రం 938. అంటే వందలో ఒక వంతు సరుకుది, మిగతాదంతా ఆ సరుకును కట్టిన తాడుది. మనిషి ఒంటి బరువులో సింహభాగం ఇలా వచ్చిందే: క్వార్కులను పట్టి ఉంచే గ్లూవాన్ క్షేత్రంలో, ఆ బందిఖానాలో వాటి పరుగులో దాగిన శక్తి అది.

దీన్ని లెక్కగట్టే సమీకరణాలు లేక కాదు. బలమైన కేంద్రక బలాన్ని వర్ణించే సిద్ధాంతానికి 1973లో గ్రాస్, విల్చెక్, పొలిట్జర్ పునాది వేశారు. 2004లో అందుకు నోబెల్ అందుకున్నారు. కానీ సమీకరణం చేతిలో ఉండటం వేరు, దాన్నుంచి జవాబు పిండటం వేరు. ఈ కుటుంబపు సిద్ధాంతాలకు సంబంధించిన ఒక మౌలిక ప్రశ్నను క్లే గణిత సంస్థ 2000లో పది లక్షల డాలర్ల బహుమతి ప్రశ్నల జాబితాలో చేర్చింది. ఆ సొమ్ము ఇంకా ఎవరికీ దక్కలేదు.

ఇప్పుడు కొన్ని ప్రయోగశాలలు పట్టుకున్న దారి వినడానికి విడ్డూరంగానే ఉంటుంది. లేజర్ వెలుగుతో గళ్లు అల్లి, క్వార్కు ముఖం ఎరగని రుబీడియం పరమాణువులను వాటిలో కూర్చోబెట్టి, వాటిచేత ఈ నాటకం ఆడించడం.

గళ్ల ఆలోచన పాతదే. 1974లో కెన్నెత్ విల్సన్ ఒక మొరటు ఉపాయం చెప్పాడు. స్థలకాలాలను అఖండంగా చూడటం మానేసి, గళ్ల నోటుపుస్తకంలా గీతలు గీయమన్నాడు. గీతలు కలిసే కూడళ్లలో క్వార్కులు ఉంటాయి. కూడలికీ కూడలికీ మధ్య గీతల మీద వాటిని కట్టి ఉంచే క్షేత్రం ఉంటుంది. ఇదే జాలక గేజ్ సిద్ధాంతం. మరుసటి ఏడాది కోగట్, సస్కిండ్ కాలాన్ని అలాగే వదిలేసి, స్థలాన్ని మాత్రమే గళ్లుగా కోసిన రూపం ఇచ్చారు. పరమాణువులతో ఆడే ఆటకు తర్వాత అక్కరకొచ్చింది ఈ రెండో రూపమే.

ఈ ఆటకు ఒక నియమం ప్రాణం. గోదావరి డెల్టాలో కాలువ చీలే చోటును తలచుకుంటే అది సులువుగా అర్థమవుతుంది. పైనుంచి ఎంత నీరు వచ్చిందో కింది పిల్లకాలువల్లోకి అంతే పోవాలి. మధ్యలో తూము ఉంటే అది తీసుకున్నంతే తేడా రావాలి. క్షేత్రరేఖలదీ అదే వరస. కూడలిలోంచి నికరంగా బయటికి పోయే క్షేత్రం అక్కడున్న ఆవేశంతో సరిపోవాలి. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో బట్టీ పట్టించే గాస్ నియమమే ఇది, గళ్ల వేషంలో. ఇది ఏ ఒక్క కూడలికో కాదు, ప్రతి కూడలికీ, ప్రతి క్షణం వర్తించాలి. ఒక్కచోట లెక్క తప్పినా అది ఆ సిద్ధాంతం కాదు, మరింకేదో. శీతల పరమాణువులతో క్షేత్ర సిద్ధాంతాలను అనుకరించే ఈ రంగంలో పదేళ్లకు పైబడి జరిగిన పెనుగులాటలో అధికభాగం ఈ కూడళ్ల దగ్గరే జరిగింది.

అయితే ముందు తేల్చుకోవాల్సిన సందేహం ఒకటుంది. సూపర్‌కంప్యూటర్లు ఉండగా పరమాణువులను బతిమాలడం దేనికి?

కంప్యూటర్లు చేసిన పని తక్కువది కాదు. 1979-80 ప్రాంతంలో బ్రూక్‌హేవెన్‌లో మైకేల్ క్రూట్జ్ విల్సన్ గళ్ల మీద మాంటే కార్లో పద్ధతి నడిపి, అది పనిచేస్తుందని చూపించాడు. మాంటే కార్లో అంటే ఓ రకంగా అన్నం ఉడికిందో లేదో నాలుగు మెతుకులు పట్టి చూడటం. క్షేత్రం తీసుకోగల కోటానుకోట్ల ఆకృతుల్లోంచి బరువైనవాటిని ఏరి, వాటి సగటుతో మొత్తం సంగతి చెప్పడం. 2008లో బుడాపెస్ట్, మార్సెయ్, వుపర్టాల్ శాస్త్రవేత్తల బృందం ఇదే దారిలో ప్రోటాన్ సహా తేలిక హాడ్రాన్ల, అంటే క్వార్కులతో కట్టిన కణాల, ద్రవ్యరాశులను సమీకరణాల నుంచే రాబట్టింది. ప్రయోగాల్లో కొలిచిన విలువలకూ వాటికీ తేడా కొద్ది శాతమే. మొదటి పేరాలోని తాడు బరువు తేలింది అలాగే.

చిక్కు రెండు చోట్ల వస్తుంది. మొదటిది సాంద్రత. న్యూట్రాన్ నక్షత్రం కడుపులో ఉన్నట్టు క్వార్కులు కిక్కిరిసిన పదార్థాన్ని లెక్కించబోతే, ఒక్కో ఆకృతికి ఇచ్చే బరువు ధనసంఖ్యగా ఉండటం మానేస్తుంది. కొన్ని ధనం, కొన్ని రుణం, నిజానికి సంకీర్ణ సంఖ్యలు. కోట్ల రూపాయల జమ, కోట్ల రూపాయల ఖర్చు ఉన్న చిట్టాలో చివరికి మిగిలే పైసా ఎంతో చెప్పమన్నట్టు ఉంటుంది. నాలుగు మెతుకుల పద్ధతితో పైసా తేలదు. దీన్ని సంజ్ఞా సమస్య అంటారు. దీనికి అన్ని సందర్భాల్లో పనిచేసే సులువైన పరిష్కారం దాదాపు అసాధ్యమని, అలాంటిది దొరికితే గణనశాస్త్రంలో పేరుమోసిన కఠిన సమస్యలన్నీ ఒక్క దెబ్బకు తీరిపోవాల్సి వస్తుందని 2005లో ట్రోయర్, వీసే చూపించారు. ముంబయి టీఐఎఫ్ఆర్‌లో రాజీవ్ గవాయ్, సౌరేందు గుప్తా ఈ గోడను ఢీకొట్టకుండా పక్కనుంచి వెళ్లే దారి తొక్కారు. సాంద్రత సున్నా దగ్గర లెక్క చేసి, శ్రేణి విస్తరణతో కొంతమేర ముందుకు సాగారు. అది గౌరవనీయమైన పనే. కానీ న్యూట్రాన్ నక్షత్రం దాకా ఆ దారి చేరదు.

రెండో చిక్కు కాలం. మాంటే కార్లో పనిచేయడానికి కాలాన్ని గణితపరంగా ఊహాసంఖ్యగా మార్చేస్తారు. ఫలితంగా ద్రవ్యరాశి, ఉష్ణోగ్రత వంటి నిలకడైన విషయాలు తెలుస్తాయి. ఏం జరిగిన తర్వాత ఏం జరిగిందన్న వరస మాత్రం పోతుంది. బ్రూక్‌హేవెన్‌లోనో జెనీవా దగ్గరి సెర్న్‌లోనో రెండు భారీ కేంద్రకాలు గుద్దుకుంటాయి. క్వార్కులు, గ్లూవాన్లు కరిగి ముద్దవుతాయి. ఆ ముద్ద చల్లారి మళ్లీ కణాలుగా విడిపోతుంది. ఇది ఒక కథ. కంప్యూటర్ దగ్గర దీని స్టిల్ ఫొటోలు ఉన్నాయి, సినిమా లేదు.

1981 మేలో రిచర్డ్ ఫైన్‌మన్ ఒక సమావేశంలో సూచించిన విరుగుడు ఇక్కడే అవసరపడుతుంది. ప్రకృతి క్వాంటం నియమాలతో నడుస్తున్నప్పుడు దాన్ని అనుకరించే యంత్రం కూడా అవే నియమాలతో నడవాలన్నది ఆయన వాదం. ఇందులో అలంకారం ఏమీ లేదు, కూడిక లెక్కే. రెండేసి స్థితులున్న 50 కణాల పూర్తి వివరం రాసుకోవడానికి సుమారు 1 పక్కన 15 సున్నాలంత జాబితా కావాలి. 300 కణాలైతే ఆ జాబితా కనిపించే విశ్వంలోని పరమాణువుల సంఖ్యను దాటిపోతుంది. పరమాణువులకు ఆ జాబితా రాసుకోవాల్సిన పని లేదు. వాటి బతుకే అది.

శీతల పరమాణువుల వైపు కథ 1924లో ఢాకా నుంచి సత్యేంద్రనాథ్ బోస్ ఐన్‌స్టయిన్‌కు పంపిన వ్యాసంతో మొదలవుతుంది. దాని కొనసాగింపుగా ఊహించిన ఘనీభవనం 1995లో గానీ ప్రయోగశాలలో కనిపించలేదు. కార్నెల్, వీమన్ రుబీడియంతో, కెటర్లే సోడియంతో దాన్ని సాధించారు. అప్పటికి లేజర్లతో పరమాణువులను చల్లబరచడం చేతనైంది. మూడేళ్లకు యాక్ష్, సిరాక్, జోలర్ తదితరులు కాగితం మీద ఒక పథకం రాశారు. ఎదురెదురు లేజర్ కిరణాలు కలిసి ఏర్పరిచే వెలుగునీడల పట్టీలు పరమాణువులకు గుంటల్లా పనిచేస్తాయి. కోడిగుడ్ల అట్ట లాంటి ఆ కాంతి జాలకంలో ఒక్కో గుంటలో ఒక్కో పరమాణువు కూర్చుంటుంది. 2002లో మ్యూనిక్‌లో గ్రైనర్, బ్లాఖ్ బృందం దాన్ని చేసి చూపించింది. కాంతి తీవ్రతను పెంచుతుంటే ఇష్టారాజ్యంగా ప్రవహిస్తున్న రుబీడియం పరమాణువులు ఉన్నట్టుండి ఎవరి గుంటలో వారు కదలకుండా కూర్చున్నాయి. ఆ గుంటల మధ్య దూరం అర మైక్రాన్ కంటే తక్కువ. 2009 తర్వాత వచ్చిన సూక్ష్మదర్శినులతో ఏ గుంటలో పరమాణువు ఉందో, ఏది ఖాళీయో ఒక్కొక్కటిగా ఫొటో తీయడమూ కుదిరింది.

ఉష్ణోగ్రతల వ్యత్యాసం ఒక్కసారి చూడాలి. క్వార్కుల ముద్ద ఏర్పడాలంటే లక్ష కోట్ల కెల్విన్లకు పైగా వేడి కావాలి. ఈ జాలకాల్లో పరమాణువుల ఉష్ణోగ్రత కొన్ని పదుల నానోకెల్విన్లు, అంటే ఒక కెల్విన్‌ను వంద కోట్ల ముక్కలు చేస్తే అలాంటివి కొన్ని పదులు. రెండింటి నిష్పత్తి దాదాపు ఇరవై అంకెల సంఖ్య. అయినా సమీకరణం ఒకటే అయితే నడక ఒకటే. ఈ రంగం పెట్టుబడి అంతా ఆ నమ్మకమే.

సమీకరణాన్ని ఒకటిగా చేయడమే కష్టం. గుంటలో ఉన్న రుబీడియానికి గాస్ నియమంతో పనేముంది? దానికి వీలైతే పక్క గుంటలోకి దూకుతుంది. అడ్డగోలుగా దూకిన ప్రతిసారీ ఎక్కడో ఒక కూడలి లెక్క చెడుతుంది. పైగా క్షేత్రం విలువకు సిద్ధాంతంలో పైహద్దు లేదు. గుంటలో పట్టే పరమాణువులకు మాత్రం హద్దుంది. ఈ రెండో అడ్డంకికి విరుగుడు శీతల పరమాణువుల వాళ్లు అడగకముందే తయారై ఉంది. 1997లో శైలేశ్ చంద్రశేఖరన్, ఊవే యెన్స్ వీసే 'క్వాంటం లింక్' నమూనాలను అభివృద్ధి చేశారు. వాటిలో గీత మీది క్షేత్రం రెండో మూడో విలువలే తీసుకుంటుంది, అయినా గాస్ నియమం చెక్కుచెదరదు. 2012లో జోహార్, సిరాక్, రెజ్నిక్ ఒక పక్క, దేబాశిష్ బెనర్జీ, దాల్మోంతే, వీసే, జోలర్ తదితరులు మరో పక్క ఇలాంటి సిద్ధాంతాలను కాంతి జాలకంలోకి ఎలా దింపాలో ప్రతిపాదనలు ప్రచురించారు. బెనర్జీ బృందం వ్యాసం శీర్షికలోనే 'తాడు తెగడం' అన్న మాట ఉంది. అదేమిటో ముందు వస్తుంది. ప్రయోగంలో దాన్ని చూడటానికి పదమూడేళ్లు పట్టింది.

కూడలి లెక్క కాపాడటానికి ఆ తర్వాత వచ్చిన ప్రయోగాలు తలో దారి పట్టాయి. ఆ దారుల తేడాలోనే ఈ శాస్త్రం రుచి ఉంది.

అన్నిటికంటే తెలివైన ఎగవేత 2016లో ఇన్స్‌బ్రుక్‌లో జరిగింది. అక్కడ వాడినవి శీతల పరమాణువులు కావు, విద్యుత్ వలలో పట్టిన నాలుగు కాల్షియం అయాన్లు. ఒకే కొలత ఉన్న ప్రపంచంలో ఎలక్ట్రాన్, పాజిట్రాన్, విద్యుత్ క్షేత్రం ఎలా మెలగుతాయో చెప్పే ష్వింగర్ నమూనాను వాళ్లు ఎంచుకున్నారు. ఒకే గీత మీద ఆవేశాలు ఎక్కడున్నాయో తెలిస్తే గాస్ నియమమే క్షేత్రం ఎంతో చెప్పేస్తుంది. ఇక క్షేత్రాన్ని విడిగా మోయడం దేనికని దాన్ని సమీకరణంలోంచే తీసేశారు. తప్పడానికి లెక్కే లేకుండా పోయింది. శూన్యంలోంచి కణం, ప్రతికణం జంటగా పుట్టుకొచ్చే తీరు ఆ నాలుగు అయాన్లలో కనిపించింది. అయితే ఈ ఎగవేత ఒక్క కొలతలోనే చెల్లుతుంది.

హైడెల్‌బర్గ్ బృందం 2020లో ప్రకృతికే కాపలా అప్పగించింది. లిథియం పరమాణువులు పదార్థం పాత్రలో, సోడియం పరమాణువులు క్షేత్రం పాత్రలో. రెండు జాతులూ గుద్దుకున్నప్పుడు ఒకటి తన స్పిన్‌ను మార్చుకుంటే రెండోది ఆ మేరకు సర్దుకోక తప్పదు, ఎందుకంటే మొత్తం కోణీయ ద్రవ్యవేగం మారకూడదు. ఆ పాత నియమాన్నే గాస్ నియమం పనికి నియమించారు. సొగసైన ఆలోచనే. కానీ వాళ్లు చూపించింది ఒక్క ఇటుకను. గోడ ఇంకా లేవలేదు. అంతకు ముందు ఏడాదే మ్యూనిక్‌లోనూ జూరిక్‌లోనూ జాలకాన్ని లయగా ఊపుతూ, ఆ ఊపులోంచి కావలసిన పరస్పర చర్యలను పుట్టించే పద్ధతినీ ఇటుకల స్థాయిలోనే చూపించారు.

గోడ లేపింది చైనా బృందం. జియాన్‌వెయ్ పాన్, జెన్‌షెంగ్ యువాన్ నాయకత్వంలో హైడెల్‌బర్గ్ సిద్ధాంతవేత్తలతో కలిసి 2020లో 71 గుంటల జాలకం నడిపారు. వాళ్ల కాపలా పద్ధతి జరిమానా. ఒక గుంట పదార్థానికి, పక్క గుంట క్షేత్రానికి, ఇలా ఒకటి విడిచి ఒకటి. ఇరుగుపొరుగు పదార్థ గుంటల్లోని రెండు పరమాణువులు కలిసి మధ్యనున్న క్షేత్ర గుంటలోకి జంటగా దూకితే, కణం, ప్రతికణం నశించి క్షేత్రం మారినట్టు లెక్క. ఈ జంట దూకుడుకు శక్తి లెక్క సరిపోయేలా జాలకాన్ని వాలుగా, ఎత్తుపల్లాలతో అమర్చారు. ఒంటరిగా దూకబోతే చాలినంత శక్తి ఉండదు. నియమం పాటించక తప్పని పరిస్థితి కల్పించడమే తప్ప, నియమం వాటికి నేర్పింది లేదు. తర్వాత వాళ్లు చేసిన పని ఇంకా మెచ్చదగ్గది. ఇరుగుపొరుగు గుంటల్లో ఎన్నేసి పరమాణువులున్నాయో కలిపి కొలిచి, కూడళ్లలో లెక్క ఎంత తప్పిందో కూడా ప్రచురించారు. 2022లో అదే బృందం ఈ వ్యవస్థను సమతౌల్యం నుంచి తప్పించి వదిలేసి, అది తిరిగి ఎలా కుదుటపడుతుందో నమోదు చేసింది. కంప్యూటర్లకు చేతకాని సినిమాలో ఇది ఒక చిన్న రీలు.

అన్నిట్లోకీ సరదా సంగతి హార్వర్డ్‌ది. 2017లో అక్కడి శాస్త్రవేత్తలు 51 రుబీడియం పరమాణువులను కాంతి పట్టకార్లతో వరసగా నిలబెట్టారు. ఒక్కోదాన్ని రిడ్‌బర్గ్ స్థితిలోకి, అంటే బయటి ఎలక్ట్రాన్ డెబ్బయ్యవ మెట్టు మీద ఉండేంతగా ఉబ్బిన స్థితిలోకి పంపే ఏర్పాటు చేశారు. ఒకటి ఉబ్బితే పక్కది ఉబ్బడానికి వీల్లేదు. ఒకటి విడిచి ఒకటి ఉబ్బిన అమరికతో మొదలుపెట్టి వదిలేస్తే, అది త్వరగా చెదిరిపోవాల్సింది పోయి, అటూ ఇటూ ఊగుతూ చాలాసేపు నిలిచింది. ఎందుకన్నది పెద్ద చర్చ అయింది. 2020లో ట్రియెస్టె సిద్ధాంతవేత్తలు ఒక విషయం బయటపెట్టారు. 'ఉబ్బిన' అన్నచోట 'క్షేత్రం ఇటు', 'ఉబ్బని' అన్నచోట 'క్షేత్రం అటు' అని, గుంట మారినప్పుడల్లా అర్థం తిప్పుతూ చదువుకుంటే, పక్కపక్కవి ఉబ్బకూడదన్న షరతే గాస్ నియమం. ఆ ఊగిసలాట కణాల జంటలు పుట్టి క్షేత్రాన్ని తిరగేస్తూ, మళ్లీ తిరగేస్తూ సాగే నడక. అంటే మూడేళ్ల ముందే 51 పరమాణువులు జాలక గేజ్ సిద్ధాంతాన్ని ఆడేశాయి. ఆడించినవాళ్లకే ఆ సంగతి తెలియదు!

ఈ రిడ్‌బర్గ్ దారే 2025లో తాడు తెంచింది. రెండు క్వార్కులను దూరం లాగితే మధ్యనున్న క్షేత్రం పలచబడదు, తాడులా బిగుసుకుంటుంది. ఆ లాగుడు బలం సుమారు 16 టన్నుల బరువుకు సమానం. ఎంత లాగితే అంత శక్తి పోగవుతుంది. ఒక హద్దు దాటాక ఆ శక్తితోనే కొత్త క్వార్కు, ప్రతిక్వార్కు పుట్టి తాడు రెండవుతుంది. అయస్కాంతాన్ని విరిస్తే విడి ధ్రువం దొరకనట్టే, ఇక్కడా విడి క్వార్కు దొరకదు. హార్వర్డ్, ఇన్స్‌బ్రుక్, క్యుఎరా సంస్థల పరిశోధకులు సమతలంలో పేర్చిన రిడ్‌బర్గ్ పరమాణువుల్లో రెండు ఆవేశాలను బిగించి, మధ్య తాడు తెగడాన్ని చూశారు. అదే సమయంలో గూగుల్ బృందం సూపర్‌కండక్టింగ్ చిప్ మీద సమతలంలోనే ఆవేశాల, తాళ్ల కదలికలను చిత్రించింది. రెండు వ్యాసాలూ నేచర్ పత్రికలో పక్కపక్కనే వచ్చాయి.

ఇక్కడ ఒక పక్కదారి. అమరావతి క్వాంటం వ్యాలీకి వస్తుందని 2025లో ప్రకటించిన ఐబీఎం యంత్రం 156 క్యూబిట్ల హెరాన్ చిప్‌తో నడిచేది. దానితో ఏం చేస్తారని అడిగేవాళ్లకు మందులు, బ్యాంకులు, వ్యవసాయం అన్న జవాబులే వినిపిస్తున్నాయి. నిజానికి అదే హెరాన్ కుటుంబపు చిప్ మీద వాషింగ్టన్ విశ్వవిద్యాలయ బృందం 2024లో 112 క్యూబిట్లు వాడి ష్వింగర్ నమూనాలో హాడ్రాన్ కదలికను లెక్కించింది. బీటెక్ భౌతికశాస్త్రం వచ్చిన పిల్లలకు చేతినిండా పని పెట్టగల ప్రశ్న ఇది. ఆ జవాబుల జాబితాలోకి ఇంకా ఎక్కలేదు.

ఇన్ని విజయాలు చెప్పాక చేదు సంగతీ చెప్పుకోవాలి. 'ప్రయోగశాలలో మహావిస్ఫోటనం' తరహా పత్రికా శీర్షికలు ఈ రంగానికి చేసిన మేలు తక్కువ. ఇప్పటిదాకా శీతల పరమాణువులతో ఆడినవన్నీ విద్యుదయస్కాంత బలపు తమ్ముళ్లు, అంతకంటే సరళమైన నమూనాలు. అధికభాగం ఒకే కొలతలో. క్షేత్రానికి రెండు మూడు విలువలు. అసలు క్వార్కులకు మూడు రంగులు, ఎనిమిది రకాల గ్లూవాన్లు, మూడు కొలతల స్థలం ఉన్నాయి. వాటిలో కూడలి లెక్క కాలువ నీటి లెక్కలా మామూలు కూడిక కాదు. ఏది ముందు, ఏది వెనక అన్న క్రమం మారితే జవాబు మారే లెక్క. పైగా ఒక కొలతలో ఈ పరమాణువులకు గట్టి పోటీ ఉంది. టెన్సర్ నెట్‌వర్క్ అనే మామూలు కంప్యూటర్ పద్ధతి ష్వింగర్ నమూనాలో చాలా ప్రశ్నలకు ఇంతకంటే కచ్చితమైన జవాబులు ఇప్పటికే ఇస్తోంది. పరమాణువులు దాన్ని దాటేది ఎక్కువసేపు నడిచే కథల్లో. 2012లోనే మ్యూనిక్‌లో సాధారణ బోసాన్ల ప్రయోగం ఒకటి కంప్యూటర్ లెక్కతో కొంతదూరం కలిసి నడిచి, కంప్యూటర్ ఆగిపోయిన తర్వాత కూడా సాగింది. అలా కంప్యూటర్ ఆగిన చోటు దాటాక జవాబు సరైనదేనని ఎవరు సరిచూడాలి? వేర్వేరు దేశాల్లో, వేర్వేరు పరమాణువులతో, వేర్వేరు కాపలా పద్ధతులతో ఒకే సమస్యను నడిపి పోల్చడం ఒక దారి. ఆ పని ఇంకా పెద్దగా జరగలేదు.

తక్షణం ముందున్న గోడ మాత్రం మరొకటి. ఒక కొలతలో అయస్కాంత క్షేత్రం అన్నదే ఉండదు. సమతలంలోకి వచ్చేసరికి ఒక గడి చుట్టూ ఉన్న నాలుగు గీతలూ ఒకేసారి, ఒకదానితో ఒకటి కూడబలుక్కుని మారే ప్రక్రియ కావాలి. అయస్కాంత శక్తి పుట్టేది దాన్నుంచే. పరమాణువులు సహజంగా ఇద్దరిద్దరుగా గుద్దుకునేవే తప్ప నలుగురుగా కూడబలుక్కునేవి కావు. అలాంటి నాలుగింటి చర్యను దొంగదారిన, రెండు మూడు మెట్లలో రాబడితే అది చాలా బలహీనంగా వస్తుంది. అది పూర్తయ్యేలోపు వేడి చొరబడుతుంది, లేదా ఏదో ఒక పరమాణువు గీత దాటుతుంది. ఆ గడిని బలంగా, పెద్ద జాలకం అంతటా, కూడళ్ల లెక్క చెడకుండా తిప్పడం శీతల పరమాణు ప్రయోగశాలల్లో ఇప్పటికీ మిగిలిన పని.